రోజూ తడుపుతున్నా పచ్చిక ఎందుకు ఎండుతోంది?

ప్రశ్న: ఇంటి ముందు పచ్చికకు నేలలోంచి పైకి లేచే స్ప్రింక్లర్లు, టైమరు పెట్టించాం. రోజూ సాయంత్రం పది నిమిషాలు నడుస్తాయి. అయినా నడకదారి పక్కన గడ్డి పసుపెక్కి ఎండుతోంది. గోడ వైపేమో కాలు పెడితే చిత్తడి. నిమిషాలు పెంచాలా, ఎరువు వేయాలా? (ఒక పాఠకురాలు)

జవాబు: ముందు టైమరు ముట్టుకోకండి, ఎరువు సంచీ విప్పకండి. ఒకే పచ్చికలో ఒక పక్క ఎండు, ఒక పక్క చిత్తడి ఉన్నాయంటే నీరు సమానంగా పడటం లేదన్నమాట. నిమిషాలు పెంచితే ఎండిన చోట కాస్త తేరుకుంటుందేమో గాని, గోడ వైపు వేళ్లు కుళ్లడం ఖాయం.

ఒకే కొలత ఉన్న, అంచులు నిటారుగా ఉన్న డబ్బాలు ఎనిమిదో పదో తీసుకోండి. పచ్చికలో అక్కడక్కడా, ముఖ్యంగా మీరు చెప్పిన రెండు చోట్లా పెట్టండి. గాలి లేని వేళ చూసి పావుగంట నీరు వదలండి. తర్వాత ఒక్కో డబ్బాలో నీటి లోతును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి. గోడ దగ్గర 9, నడకదారి దగ్గర 3 అని తేలితే ఇక ఊహలతో పని లేదు.

ఇప్పుడు స్ప్రింక్లర్లు నడుస్తుండగానే ఒక్కోదాని దగ్గర ఆగి చూడండి. నేలలోకి కుంగిందా, పక్కకు ఒరిగిందా, చుట్టూ పెరిగిన గడ్డి నీటిధారకు అడ్డుపడుతోందా? నాజిల్ (నీరు చిమ్మే మూతి) విప్పితే దాని కింద చిన్న జల్లెడ ఉంటుంది. అందులో ఇసుక చేరితే ధార సన్నబడుతుంది. ఓ బక్కెట్టు నీళ్లలో జాడించి బిగించండి. నీరు చుక్కలుగా పడకుండా పొగమంచులా లేచి కొట్టుకుపోతుంటే ఒత్తిడి ఎక్కువైనట్టు. తిరగకుండా చిమ్మే రకానికి రెండు బార్ల ఒత్తిడి చాలు. ఇంకొకటి, ఒక స్ప్రింక్లర్ చిమ్మే నీరు పక్క స్ప్రింక్లర్ దాకా అందాలి. మధ్యలోనే ఆగిపోయేలా దూరం దూరంగా పెట్టి ఉంటే, ఎండిన మచ్చ ఏటా అక్కడే వస్తుంది.

తిరిగే రకమూ, తిరగని రకమూ ఒకే వాల్వు (టైమరు చెప్పినప్పుడు కొన్ని స్ప్రింక్లర్లకు నీరు వదిలి, ఆపే కవాటం) మీద కలిపి ఉన్నాయేమో కూడా చూడండి. తిరగనిది గంటకు సుమారు 40 మిల్లీమీటర్లు కురిపిస్తే, తిరిగేది 10 నుంచి 15 మాత్రమే ఇస్తుంది. రెంటికీ ఒకే సమయం పెడితే ఏ టైమరూ సరిచేయలేదు, వాల్వులు విడదీయాల్సిందే.

గోడ వైపు నీడ ఉంటే అక్కడి నేల ఆలస్యంగా ఆరుతుంది. నీరు కట్టేశాక పల్లంలోని స్ప్రింక్లర్ నుంచి కాసేపు కారడం మామూలే, అది పైపులో మిగిలిన నీరు. గంటల తరబడి కారితే మాత్రం వాల్వులోని రబ్బరు పొర కింద ఇసుక రేణువు ఇరుక్కుని ఉండవచ్చు. విప్పి కడగండి. పొర చిరిగితే మార్చండి.

ఇవన్నీ సరిచేశాకే టైమరు. వెచ్చని కాలంలో, గడ్డి బాగా పెరిగే రోజుల్లో, వానతో కలిపి వారానికి సుమారు 25 మిల్లీమీటర్ల నీరు లెక్క వేసుకోండి. చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరంటే ఒక లీటరు. వంద చదరపు మీటర్లకు వారానికి 2,500 లీటర్లన్నమాట. దీన్ని రెండు తడులుగా ఇవ్వండి. మీ డబ్బాల్లో పావుగంటకు సగటున 6 మిల్లీమీటర్లు పడితే ఒక్కో తడికి అరగంట పడుతుంది. రోజూ పది నిమిషాలు తడిపితే పై పొరే నానుతుంది, వేళ్లూ అక్కడే ఉండిపోతాయి. ఒక్కరోజు ఎండ కాస్తే చాలు, గడ్డి వాలిపోతుంది. ఈ రోజువారీ తడిని మానేయమని నేను గట్టిగా చెబుతాను. తడి ఇచ్చిన మర్నాడు పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చండి, 15 సెంటీమీటర్లు సులువుగా దిగాలి.

బంకనేల అయితే అరగంట ఏకబిగిన వదిలితే నీరు ఇంకకుండా పారిపోతుంది. పదేసి నిమిషాలు మూడుసార్లు, నడుమ అరగంటో గంటో విరామంతో వదలండి. చాలా టైమర్లలో మొదలయ్యే వేళ ఒకటి పెడితే వాల్వులన్నీ వరుసగా నడుస్తాయి. ఒక్కో వాల్వుకూ విడిగా వేళ పెట్టాలనుకుంటే మొత్తం వరుస మళ్లీ మళ్లీ నడిచి నేల చిత్తడవుతుంది. అదొకసారి చూసుకోండి.

సాయంత్రం తడి వద్దు. రాత్రంతా ఆకు తడిగా ఉంటే బూజు తెగుళ్లకు అదును. తెల్లవారుజామున పెట్టండి. గాలి తక్కువగా ఉంటుంది, ఎండ రాగానే ఆకు ఆరుతుంది. నడిస్తే అడుగుల గుర్తులు అలాగే నిలిచిపోయినా, పచ్చదనం నీలిబూడిద రంగుకు తిరిగినా తడికి వేళయినట్టే.

ప్రశ్న: వాన సెన్సరు నిజంగా పనికొస్తుందా? (మరో పాఠకుడు)

జవాబు: తప్పకుండా పెట్టించండి. మామూలు రకంలో నీరు తగిలితే ఉబ్బే బిళ్లలుంటాయి. అవి ఉబ్బి వాల్వులకు వెళ్లే కరెంటును ఆపుతాయి, ఆరాక వదులుతాయి. ఆకాశం కనబడే చోట బిగించాలి. చూరు కింద వద్దు, స్ప్రింక్లర్ నీరు తగిలే చోట అసలే వద్దు.

ప్రశ్న: గడ్డిని పొట్టిగా కత్తిరిస్తే నీరు తక్కువ పడుతుందా? (ఇంకొక పాఠకురాలు)

జవాబు: లేదండీ. మరీ పొట్టిగా కోస్తే వేళ్లు కురచబడతాయి, నేల త్వరగా ఆరుతుంది. ఒక కోతలో మూడో వంతుకు మించి తీయకండి. కోసిన మర్నాడు కొసలు చీలి తెల్లబడి కనిపిస్తే బ్లేడు మొద్దుబారింది, పదును పెట్టించండి.