‘ఏం కాదు, పోవచ్చు’ అన్న మాటను ఎంత నమ్మాలి?

మిర్యాలగూడ తమ్ముడూ, జనవరిలో స్నేహితుడి యాట్‌లో (పెద్ద తెరచాప పడవలో) గోవా నుంచి కొచ్చి దాకా పోతున్నానన్నారు. పడవ అడుగు నీళ్ళలో అయిదడుగులు దిగి ఉంటుంది, సముద్రం లోతులు చూపే చార్టులున్నాయి, అయినా రేవుల్లో జాలర్లను అడగమని అందరూ చెబుతున్నారు, ఎవరి మాట ఎంత నమ్మాలి అన్నది మీ ప్రశ్న. ముందు నాగార్జునసాగర్‌లోనో సోమశిలలోనో చేయి తిప్పుకుందామని కూడా రాశారు.

సముద్రం మీద నా అనుభవం చిన్నది. గోవా నుంచి కార్వార్ దాకా ఒక్కసారి వెళ్ళాను, అదీ తాళ్ళు లాగే పనికి. కానీ కొల్లాపూర్ దగ్గర సోమశిలలో ఆరేళ్ళుగా చిన్న తెరచాప పడవ నడుపుతున్నాను. అడగడమూ, అడిగి దెబ్బ తినడమూ అక్కడే నేర్చుకున్నా.

తెరచాప పట్టడం నేర్చింది హుస్సేన్‌సాగర్‌లో. అక్కడ ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. సోమశిల అలా కాదు. అది శ్రీశైలం ప్రాజెక్టు వెనక నీళ్ళు. నిండితే మట్టం 885 అడుగులు, ఎండాకాలానికి పదుల అడుగులు దిగిపోతుంది. ఆ నీళ్ళ కింద 1981 ప్రాంతంలో ఖాళీ చేయించిన ఊళ్ళున్నాయి, బావులున్నాయి, గోడలున్నాయి.

మొదటి ఏడాది ఫిబ్రవరిలో రేవు దగ్గర పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) ఎండబెట్టుకుంటున్న ఒకాయన్ని అడిగాను, "అన్నా, ఆ గుట్ట పక్క నుంచి పోవచ్చునా?" అని. "ఏం కాదు సారూ, మస్తు లోతుంటది, పోండ్రి" అన్నాడు. పది నిమిషాల్లో సెంటర్‌బోర్డ్, అంటే పడవ కిందికి దించే పలక, ఒక పాత రాతిగోడకు కొట్టుకుని పగిలింది. అదే ఆయన పుట్టి వేసుకొచ్చి నన్ను పక్కకు లాగాడు. నాకంటే ఆయనే ఎక్కువ బాధపడ్డాడు. "నా పుట్టి పోతది గద సారూ!" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. పుట్టి జానెడు మునుగుతుంది. నా బోర్డు దించితే మూడడుగులు. పైగా ఆయన అటువైపు వల వేసింది దసరాకి, నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు. తప్పంతా నా ప్రశ్నదే. ‘పోవచ్చునా’ అని అడిగితే మనవైపు ఎవరైనా పోవచ్చుననే అంటారు. ఊరికి కొత్తగా వచ్చినవాణ్ని కాదని పంపడం మర్యాద కాదు కదా.

అప్పటి నుంచి ప్రశ్న మార్చాను. "నువ్వెట్ల పోతవ్ అన్నా?" అని అడుగుతా. ఎటు నుంచి ఎటు తిప్పుతాడో చేత్తో చూపిస్తాడు. "గెడ అందుతదా అక్కడ?" అంటే కచ్చితంగా చెప్తాడు, ఎందుకంటే అది ఆయన చేయి ఎరిగిన సంగతి. "ఆఖరుసారి ఎప్పుడు పోయినవ్?" అన్నది మాత్రం ఎన్నడూ మర్చిపోను.

ఆ మూడో ప్రశ్న ఎందుకంటే, జలాశయంలో తేదీ తెలిస్తే ఆ రోజు మట్టం తెలిసినట్టే. మట్టం పేపర్లో రోజూ పడుతుంది. ఉదాహరణకు, ఏడు నిలువుల లోతు అన్నాడనుకోండి, నిలువు అయిదున్నర అడుగులు వేసుకుంటే ముప్పై ఎనిమిది. ఆ రోజు మట్టం 875, ఇవాళ 845 అయితే ముప్పై అడుగులు పోయి మీకు మిగిలేది ఎనిమిది. అదే మనిషి ‘అయిదు నిలువులు’ అని ఉంటే ఇవాళ అక్కడ మేకలు మేస్తుంటాయి.

సముద్రంలో ఈ లెక్క పోటు పాట్లతో వస్తుంది. చార్టులో అంకె దాదాపు అన్నిటికంటే తక్కువ పాటు నాటి లోతు, దానికి ఆ గంటకు ఉన్న పోటు ఎత్తు కలుపుకోవాలి. చెన్నైలో పోటుకూ పాటుకూ తేడా సుమారు మీటరు, ఖంభాత్ సింధుశాఖలో పది మీటర్లు దాటుతుంది. కాబట్టి జాలరి ‘ఇక్కడ లోతుంది’ అంటే ఏ పూట చూశాడో అడిగి, ఆ పూట పోటా పాటా అని పట్టికలో చూసుకోండి. అది లేని లోతు మాట చెవిన పడ్డా రాసుకోవద్దు.

నాకు అన్నిటికంటే పనికొచ్చిన మనిషి చేపలు పట్టే మనిషి కాదు. ఒడ్డు ఊళ్ళో ఒక ముసలమ్మ. ఆమె పుట్టింటి ఊరు మునకలో పోయింది. "పెద్దమ్మా, మీ ఊరు ఏడుండె?" అంటే నీళ్ళ మీదికి వేలు పెట్టి, "గదిగో, గా రెండు గుట్టల సందున. చింతతోపు గీ దిక్కు, ఊరబావి గా దిక్కు. బావి కాడ నుంచి గుడికి పోతే ఎత్తు ఎక్కాలె బిడ్డా" అంది. ఎత్తు ఎక్కాలి అన్న ఒక్క మాటతో గుడి ఉన్న దిక్కున నీళ్ళు తక్కువని తెలిసిపోయింది. తరువాత ప్రాజెక్టు కట్టకముందు నాటి సర్వే పటం ఒకటి సంపాదించి చూస్తే, ఆమె చెప్పిన ఎత్తే ఎత్తు గీతల్లో కనిపించింది. సెంటినల్ ఉపగ్రహం ఫొటోలు అయిదు రోజులకొకటి ఉచితంగా దొరుకుతాయి. మే నెల ఫొటో తీసి చూడండి, ఏది బయటపడుతుందో అదంతా నవంబరులో మీ పడవ కిందే ఉంటుంది. మబ్బుల వల్ల వానాకాలం ఫొటోలు పెద్దగా పనికిరావు.

ఇక ఎవరికి ఏం అవసరం అన్న సంగతి. ఒకాయన ఒక వాగు చూపించి "అటు పోకండ్రి, మొసళ్ళున్నయి" అని గట్టిగా చెప్పాడు. నేను భయపడి తిరిగి వచ్చేశాను. వారం తర్వాత తెలిసింది, ఆ వాగులో అలివి వలలు కట్టారట. ఆ వలలు చేపపిల్లను కూడా వదలవని నిషేధం ఉంది కదా, కొత్త మనిషి కంట పడకూడదు. అయితే మొసళ్ళు కూడా నిజమే, కృష్ణలో ఉన్నాయి. అందుకే చెప్పిన మాట నిజమా కాదా అని చూడటంతో సరిపోదు. చెప్పినాయనకు నేను అటు పోతే ఏం నష్టం, పోకపోతే ఏం లాభం అని కూడా చూస్తాను. లాంచీ సరంగు దారి గురించి చెప్పేది బాగా నమ్ముతా, ఎందుకంటే రోజూ మనుషులను ఎక్కించుకుని అదే దారిలో పోతాడు. దారి పక్క సంగతి మాత్రం ఆయనకూ తెలియదు.

ముగ్గురు ఒకే మాట చెప్పారని మురిసిపోవద్దు. మా రేవులో ముగ్గురూ ఒకే హోటల్లో చాయ్ తాగుతారు. "నువ్వు చూసినవా, విన్నవా?" అని అడిగితే ఇద్దరు ‘విన్న’ అంటారు.

వాళ్ళకు అసలే తట్టని సంగతులూ ఉంటాయి. నా పడవ తెరచాప కొయ్య ఇరవై అడుగుల ఎత్తు. నీళ్ళ మీదుగా పోయే కరెంటు తీగల గురించి ఒక్కరూ చెప్పలేదు. పుట్టిలో కూర్చున్న మనిషికి తలెత్తి చూసే అవసరం ఎన్నడూ రాలేదు మరి. కాలువల్లోకి, నదుల్లోకి పోయేటప్పుడు ఆ సంగతి మీరే అడగాలి. పడమటి తీరంలో జాలర్లకు బాగా తెలిసేది వేరు: ఈ ఏడు వానలకు నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట ఎటు జరిగిందో, రాత్రి వలలు ఎక్కడ వేస్తారో, సాయంత్రం గాలి ఏ వేళకు పడిపోతుందో. ఇవి చార్టులో దొరకవు. మేట సంగతి మాత్రం ఈ సీజన్‌లో దాటిన మనిషినే అడగండి.

చివరికి మీరే తడిమి చూసుకోవాలి. శబ్దంతో లోతు కొలిచే ఎకో సౌండర్ పడవ కింద లోతే చెప్తుంది, ముందున్న బండను చెప్పదు. పూర్వం ఓడల్లో సీసపు గుండు అడుగున కొవ్వు పూసి దింపేవాళ్ళు, అంటుకొచ్చిన మట్టిని బట్టి అడుగు ఇసుకో బురదో చెప్పేవాళ్ళు. నేను తాడుకు రాయి కట్టి, బారకొక ముడి వేసుకున్నా. నవ్వుతారు గానీ బ్యాటరీ అక్కర్లేదు.

ఒక చిన్న మాట. ఫోన్ పట్టుకుని అడగకండి. చేపలు దొరికే చోటు మ్యాపులో గుర్తు పెడుతున్నారనుకుని నోరు మూసుకుంటారు. వల లాగే వేళ అసలే పలకరించకండి. పొద్దున చేపలు కొనండి, కూర్చోండి, వాళ్ళే మీ పడవ సంగతి అడుగుతారు. అప్పుడు పడవ ఎంత మునుగుతుందో కర్ర పెట్టి చూపించండి. "గింత మునుగుతదా?" అని ఆశ్చర్యపోయాక చెప్పే సమాధానం వేరుగా ఉంటుంది.

సాగరా, సోమశిలా అంటే నేను సోమశిలే అంటాను, డిసెంబరులో. సాగర్ నీళ్ళు పై దిక్కున శ్రీశైలం డ్యామ్ కాలి దాకా ఉంటాయి. డ్యామ్‌లో కరెంటు ఉత్పత్తి మొదలుపెట్టినా గేట్లు ఎత్తినా అక్కడ ప్రవాహం ఉన్నట్టుండి మారుతుంది. డ్యామ్ దిగువన లింగాలగట్టు జాలర్లకు అది ఒంట్లో ఉంది, మీకు లేదు. రెండు చోట్లా ఒడ్డున పులుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి ఒడ్డెక్కవద్దు. లైఫ్ జాకెట్ విప్పవద్దు. డిసెంబరు రెండో వారంలో నేను రేవులోనే ఉంటాను, వస్తే ముసలమ్మ దగ్గరికి తీసుకుపోతా.