టెస్టింగ్‌లో వేశారని ఉద్యోగం మాన్పించాలా?

ప్రశ్న: మాది గాజువాక. నేను స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తున్నాను. మా అమ్మాయి సీఎస్ఈలో బీటెక్ చేసి, ఏడు నెలల క్రితం రుషికొండలో మొబైల్ యాప్‌లు చేసే చిన్న కంపెనీలో చేరింది. డెవలపర్ అని తీసుకుని టెస్టింగ్‌లో వేశారు. ఇప్పుడు టెస్టులన్నీ తీసి వేరే మాడ్యూళ్లలో సర్దుతోందట. దీనికా ఇంజినీరింగ్ చదివింది? వైజాగ్‌కి గూగుల్ ఏఐ డేటా సెంటర్ వస్తోంది కదా. ఉద్యోగం మాన్పించి, హైదరాబాద్‌లో లక్షన్నర కట్టి మూడు నెలల ఏఐ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. అమ్మాయి బేగి స్థిరపడాలని మా ఆశ. రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: మాన్పించకండి. ముందు ఈ మాట చెప్పేస్తే మీరు మిగతాది టెన్షన్ లేకుండా చదువుతారు.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. కోర్సు పేరు మారుతుంది కానీ లోపలి భయం ఒకటే. తోటి పిల్లలు ముందుకెళ్లిపోతుంటే మన పిల్ల ఏ మూలో ఇరుక్కుపోయిందేమోనని. మీ భయం నాకు అర్థమైంది. కానీ అమ్మాయి ఏం పని చేస్తోందో తెలుసుకోకుండానే అది తక్కువ పని అని తేల్చేశారు. అది మాత్రం నాకు నచ్చలేదు.

ఆ పనేమిటో చెబుతాను. టెస్టులంటే యాప్ సరిగ్గా పనిచేస్తోందా అని చూసే కోడ్, మాడ్యూల్ అంటే ప్రాజెక్టులో ఒక విడి భాగం. ఆండ్రాయిడ్‌లో టెస్టులు మామూలుగా యాప్ మాడ్యూల్ లోపలే రెండు ఫోల్డర్లలో ఉంటాయి. ‘టెస్ట్’ ఫోల్డర్‌లోవి కంప్యూటర్ మీదే గబగబా నడిచిపోతాయి. ‘ఆండ్రాయిడ్‌టెస్ట్’లోవి ఫోన్ మీదో ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఉండే ఉత్తుత్తి ఫోన్) మీదో నడవాలి కాబట్టి నెమ్మది. చిన్న యాప్‌కి ఈ ఏర్పాటు చాలు. యాప్ పెరిగాక చిక్కు మొదలవుతుంది. లాగిన్ టెస్టు కోసం తయారుచేసుకున్న ఉత్తుత్తి డేటా పేమెంట్ టెస్టుకీ కావాల్సి వస్తుంది. ఒకరు కాపీ చేసి పెట్టుకుంటారు. తర్వాత ఒకచోట మార్చి రెండోచోట మర్చిపోతారు. అప్పుడే ఎవరో ఒకరు కూర్చుని, ఏ టెస్టు ఎక్కడుండాలి, ఏది దేని మీద ఆధారపడాలి అని తేల్చాలి.

ఫోన్ మీద నడిచే టెస్టుల్ని వేరే మాడ్యూల్‌లో పెట్టడానికి, యాప్‌ని నిర్మించే గ్రేడిల్ అనే టూల్‌లో ‘కామ్ డాట్ ఆండ్రాయిడ్ డాట్ టెస్ట్’ అనే ప్లగిన్ (అదనంగా తగిలించే భాగం) వాడతారు. కొత్త మాడ్యూల్‌కి దాన్ని తగిలించి, ‘టార్గెట్ ప్రాజెక్ట్ పాత్’ అన్నచోట ఏ యాప్‌ని పరీక్షించాలో రాస్తారు. ఇక్కడ టెస్టులు ‘ఆండ్రాయిడ్‌టెస్ట్’ ఫోల్డర్‌లో కాక ‘మెయిన్’లో ఉంటాయి, ఎందుకంటే ఆ మాడ్యూల్ ఉన్నదే టెస్టుల కోసం. దానికి సొంత ఏపీకే, అంటే ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసే ఫైల్, తయారవుతుంది. యాప్ తెరుచుకోవడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో కొలిచే మాక్రోబెంచ్‌మార్క్ టెస్టులు కూడా ఇలా వేరే మాడ్యూల్ నుంచే నడుస్తాయి.

ఈ మధ్య ఇదే పనిలో ఉన్న ఒక అమ్మాయి ఎంవీపీ కాలనీలో నా దగ్గరికి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. టెస్టులు వేరుచేసిన రోజే బిల్డ్, అంటే కోడ్ నుంచి యాప్ తయారయ్యే పని, ఆగిపోయిందట. తెర నిండా ఎర్ర అక్షరాలు. టెస్ట్ మాడ్యూల్‌లో ‘బెంచ్‌మార్క్’ అని ఒక బిల్డ్ టైప్ (యాప్‌ని ఏ రకంగా తయారుచేయాలో చెప్పే సెట్టింగ్) పెట్టారు, యాప్‌లో ఆ పేరుతో ఏదీ లేదు. జత కుదిరే వేరియంట్ (యాప్ రూపం) దొరకలేదని గ్రేడిల్ మొరాయించింది. ‘బెంచ్‌మార్క్ లేకపోతే రిలీజ్‌ని తీసుకో’ అని చెప్పే ఒక్క లైన్ రాయడానికి ఆ పిల్లకి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో యాప్ ఎలా కూడుతుందో మొత్తం తెలుసుకుంది. ఆ లైన్ చూపిస్తున్నప్పుడు ఆమె ముఖం మీరు చూసి ఉండాల్సింది.

మీరు స్టీల్ ప్లాంట్‌లో ఉన్నారు కదా. శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లకుండా, కార్బన్ ఎంతో మాంగనీస్ ఎంతో తేలకుండా హీట్‌ని, అంటే ఒక విడత కరిగిన ఉక్కుని, క్యాస్టింగ్‌కి వదులుతారా? ఆ ల్యాబ్‌లో కూర్చున్న ఇంజినీరుని ‘దీనికా చదివింది’ అని ఎప్పుడైనా అన్నారా? మరి సొంత కూతుర్ని ఎందుకన్నారండీ? ఇలాంటి మాటలు పడి, ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పడమే మానేసిన పిల్లల్ని నేను చూశాను. దయచేసి ఆ మాట మళ్లీ అనకండి.

మీ ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. రోజంతా బటన్లు నొక్కి ఎక్సెల్‌లో టిక్కులు పెట్టే పనైతే నేనే బయటికి రమ్మనేదాన్ని. అలాంటి పని తగ్గిపోతోంది. టెస్టు కోడ్ కూడా ఇప్పుడు ఏఐ టూల్స్ చకచకా రాసిస్తున్నాయి. కానీ పది సార్లలో ఒక్కసారే ఫెయిలయ్యే టెస్టు ఎందుకు ఫెయిలవుతోందో పట్టుకోవడానికి, యాప్ నిర్మాణం తెలిసిన మనిషి కావాలి. మీ అమ్మాయి చేస్తున్నది ఆ దారిలోని పనే. ఇంకో ఏడాది ఉండనివ్వండి. ఈలోగా ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కాట్లిన్ భాష గట్టిపరుచుకోవాలి, టెస్టులు బయటపెట్టే చిన్న చిన్న బగ్గులు తనే సరిచేస్తానని మేనేజర్‌ని అడగాలి. డెవలపర్ సీటుకి దగ్గర దారి అదే.

ఇక ఏఐ కోర్సు. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించిన మాట నిజం, ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు. కానీ డేటా సెంటర్ అంటే సర్వర్లు, కరెంటు, వాటిని చల్లబరిచే ఏర్పాట్లు. మూడు నెలల సర్టిఫికెట్ పట్టుకెళ్తే అక్కడ కుర్చీ వేసి కూర్చోబెడతారని మీకు ఎవరు చెప్పారు? ఫీజు తీసుకునేవాళ్లేనా?

ఈ కోర్సులు చేసొచ్చిన పిల్లల రెజ్యూమేలు నా టేబుల్ మీదకు వస్తాయి. ఎవరిది తిప్పినా అదే ప్రాజెక్టు: టైటానిక్ ఓడలో ఎవరు బతికారో చెప్పడం, 891 మంది ప్రయాణికుల పట్టిక. లేదంటే 150 ఐరిస్ పువ్వుల కొలతలు, 1936 నాటివి. నేర్చుకోవడానికి మంచివే, నేను కాదనను. కానీ అందరి చేతిలో అదే కాగితం ఉంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఎవర్ని గుర్తుపెట్టుకుంటారు? దానికోసం ఉన్న ఉద్యోగం వదిలి, లక్షన్నర పోసి, ఏడు నెలల అనుభవాన్ని మధ్యలో తెంపేస్తారా? ఇలా మానేసి వెళ్లి, తిరిగొచ్చాక మళ్లీ ఫ్రెషర్‌నని రాసుకోవాల్సి వచ్చిన అబ్బాయి తండ్రి నా ఎదుట కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆయన అప్పు తెచ్చి కట్టారు.

అమ్మాయికే ఏఐ మీద ఇష్టముంటే వేరే సంగతి. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ మళ్లీ తిరగేయమనండి. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా వినొచ్చు, పరీక్ష రాస్తేనే ఫీజు. సాయంత్రాలు చాలు, ఉద్యోగం కదపక్కర్లేదు.

పోల్చమన్నారు, ఇంతకన్నా పోల్చడానికి నాకేమీ కనబడలేదు. పిల్ల వయసు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటుంది. సొంత ఊళ్లో, ఇంటి భోజనం తింటూ, నెలనెలా జీతం తెచ్చుకుంటూ పని నేర్చుకుంటోంది. ఎక్కడా వెనకబడలేదు.

ఈ ఆదివారం మీకు షిఫ్టు లేకపోతే ఆమె పక్కన కూర్చోండి. గ్రేడిల్ సెట్టింగ్స్ ఫైల్ ఎలా ఉంటుందో చూపించమ్మా అని అడగండి. కంపెనీ కోడ్ బయటికి చూపకూడదంటే తెల్లకాగితం మీద రాసి చూపిస్తుంది. అందులో ‘యాప్’ అన్న పేరు కింద, ఆమె చేర్చిన మాడ్యూల్ పేరు ఉంటుంది.