హామర్ కోరల్ విచ్చుకోవట్లేదు, మూలలో ఎర్ర పొర: ఇంకా పెద్ద వేవ్‌మేకర్ కొనాలా?

వద్దు. మీ 4 అడుగుల ఉప్పునీటి అక్వేరియం ట్యాంకులో ఒకే వేవ్‌మేకర్ (నీళ్లని కదిలించే పంపు) ఉందని, దాని ఎదురుగా హామర్ (సుత్తి ఆకారపు కొసలుండే పగడం) ముడుచుకుపోయిందని, అవతలి మూలలో ఇసుక మీద ఎర్ర పొర కడుతోందని రాశారు. అంటే ఒకచోట ధార మరీ గట్టిగా కొడుతోంది, ఇంకోచోట నీళ్లు కదలట్లేదు. పెద్ద పంపు పెడితే హామర్ పని అయిపోతుంది.

మాది డాలస్‌లో 75 గ్యాలన్ల ట్యాంకు. రెండు చిన్న వేవ్‌మేకర్లను చెరో పక్క అద్దానికి, పైభాగంలో పెట్టాను. ఒకటి వేగం పుంజుకుంటే రెండోది తగ్గేలా సెట్ చేశాను. ధార ఏ కోరల్‌కీ తిన్నగా తగలదు, అద్దానికి కొట్టుకుని చెదిరాకే రాళ్ల మీదికి వస్తుంది.

గంటకి ట్యాంకు నీళ్లకి ఎన్ని రెట్లు తిరగాలని అందరూ అడుగుతారు. హామర్, టార్చ్ లాంటి ఎల్‌పీఎస్‌కి (మెత్తటి కండ పెద్దగా ఉండే గట్టి పగడాలు) 10 నుంచి 20, అక్రోపోరా లాంటి ఎస్‌పీఎస్‌కి (కండ చిన్నగా ఉండే గట్టి పగడాలు) 40 దాటినా పర్లేదని హాబీలో ఓ లెక్క ఉంది. 75 గ్యాలన్లకి 20 రెట్లంటే 1,500 గ్యాలన్లు. పంపు కొనేటప్పుడు ఆ లెక్క పనికొస్తుంది, అంతే. డబ్బా మీది అంకె రాళ్ల వెనక్కి వెళ్లదు కదా!

నేను హామర్ కొసల్నే చూస్తాను. అవి నెమ్మదిగా, దిక్కు మారుస్తూ ఊగాలి. ఎప్పుడూ ఒకే వైపు ఒరిగి, వెనక తెల్లటి అస్థిపంజరం బయటపడుతుంటే ధార తిన్నగా తగులుతున్నట్టే. అలాగే వదిలేస్తే ఆ పదునైన అంచుకి ఒరుసుకుని మెత్తటి కండ చిరుగుతుంది. అక్రోపోరా సంగతి వేరు. అలలు విరిగే చోట పెరిగే రకాలు చాలా ఉన్నాయి, కొమ్మల మధ్య మురికి నిలిస్తేనే వాటికి ముప్పు.

ఎర్ర పొర సయానోబాక్టీరియా (నాచులా పరుచుకునే బ్యాక్టీరియా) అయ్యుంటుంది. చిటికెడు మేత వేసి అది ఎక్కడ ఆగిపోతుందో చూడండి, చెత్త పోగయ్యేదీ అక్కడే. పొరని సైఫన్‌తో లాగేయండి. ఆ పొరకి మేతయ్యే నైట్రేట్, ఫాస్ఫేట్ కూడా నీళ్లలో ఎంతున్నాయో టెస్ట్ చేయండి, తప్పంతా ప్రవాహానిదే కాకపోవచ్చు.

పాత పంపైతే విప్పి వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టండి. ఇంపెల్లర్‌కి (లోపల తిరిగే రెక్కల చక్రం) సున్నం పట్టి ధార తగ్గిపోతుంది, రోజూ చూసే కంటికి తెలీదు.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట: గట్టి పగడాలన్నీ అక్కడ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. ఎవరో అమ్ముతున్నారని కొనేయకండి.

మొదట మీ వేవ్‌మేకర్‌ని ముందు అద్దం వైపు తిప్పి ఓ వారం ఆగండి. హామర్ విచ్చుకున్నాక, ఎర్ర పొర ఉన్న మూలకి ఇంకో చిన్నది పెడితే చాలు.