ట్రయల్ విండోస్‌లో కొట్టు లెక్కలు రాయవచ్చా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. నేర్చుకోవడానికని ఇంట్లో ఒక కంప్యూటర్‌లో 90 రోజుల ఎవాల్యుయేషన్ (ట్రయల్) విండోస్, ఇంకోదానిలో 180 రోజుల విండోస్ సర్వర్ (పెద్ద నెట్‌వర్కులు నడిపే రకం) వేసుకున్నాడు. రెండూ కంపెనీ సైటు నుంచి ఉచితంగా దింపుకున్నవే. మావారు మొదటిదానిలోనే మా బట్టల కొట్టు లెక్కలు, జీఎస్టీ బిల్లులు రాస్తున్నారు. ఇప్పుడు దాని గడువు ముగిసింది. తెర నల్లబడి, గంటకోసారి కంప్యూటర్ దానంతటదే ఆగిపోతోంది. గడువు తాళాన్ని తప్పించే క్రాక్ ప్రోగ్రాము వేస్తే సరిపోతుందని అబ్బాయి స్నేహితుడు అంటున్నాడు. ఇంట్లో వాడుకునేదానికి కూడా కేసు పెడతారా? అందరూ ఇలాగే వాడుతున్నారు కదా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ క్రాక్ వేయించకండి. మిగతా విషయాలు నింపాదిగా చూసుకోవచ్చు, ఈ మాట మాత్రం ఈరోజే అబ్బాయితో చెప్పండి.

మీ అబ్బాయి చేసిన పనిలో తప్పు లేదు. కంపెనీయే ఇచ్చిన కాపీని, అది ఇచ్చిన పనికే, గడువులోపల వాడుకున్నాడు. చిక్కు వచ్చింది మీవారి లెక్కల దగ్గర. మీ కొట్టులో తెలిసినవాళ్ళు నాలుగు చీరలు ఇంటికి తీసుకెళ్ళి, నచ్చింది ఉంచుకుని మిగతావి తిరిగి పంపుతారు. చూసుకోవడానికి తీసుకెళ్ళిన చీర కట్టుకుని పెళ్ళికి వెళ్ళివస్తే మీవారు ఊరుకుంటారా? ఎవాల్యుయేషన్ కాపీ కూడా అలా చూసుకోవడానికి ఇచ్చిందే. పరీక్షించి చూడవచ్చు, నేర్చుకోవచ్చు. రోజువారీ వ్యాపారం దాని మీద నడపడానికి అనుమతి ఉండదు. అంటే గడువు ముగియడానికి ముందే, కొట్టు బిల్లు మొదటిది రాసిన రోజే, షరతు దాటినట్టు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కినది ఒప్పందమే. కాగితం మీద సంతకం లేదన్న వాదన నిలవదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం, 2000లోని సెక్షన్ 10ఎ చెబుతోంది. ఏమి అంగీకరించారో చూడాలంటే విండోస్ గుర్తు ఉన్న మీటతో పాటు ఆర్ అక్షరం నొక్కి, వచ్చిన పెట్టెలో విన్‌వర్ (winver) అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చే చిన్న కిటికీలో లైసెన్సు షరతులకు లింకు ఉంటుంది. ఒకసారి ముగ్గురూ కూర్చుని చదవండి.

ఇక ‘ఇంట్లోనే కదా’ అన్న మాట. కాపీరైటు చట్టం, 1957లో కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్య రచన కిందికి వస్తుంది. ఆ చట్టం సెక్షన్ 52(1)(ఎడి)లో ఒక మినహాయింపు ఉంది. చట్టబద్ధంగా, స్వయంగా సంపాదించిన కాపీ నుంచి వ్యాపారేతర సొంత వాడకానికి కాపీలు చేసుకోవచ్చు. ఇంట్లో ఏం చేసినా చెల్లుతుందని చాలామంది అనుకోవడానికి మూలం ఇదే. కానీ చట్టం అడిగేది కంప్యూటర్ ఏ గదిలో ఉందని కాదు, ఏ పనికి వాడుతున్నారని. పడక గదిలో కూర్చుని రాసినా కొట్టు లెక్క కొట్టు లెక్కే. పైగా ఆ మినహాయింపు ముగిసిన గడువును పొడిగించదు.

గడువు దాటాక వాడితే వెంటనే నేరమా? నా అభిప్రాయంలో అది ముందుగా ఒప్పంద ఉల్లంఘన. చట్టబద్ధంగా వేసుకున్న కాపీ గడువు తీరిన మర్నాడే దొంగ కాపీ అవుతుందా అన్నదానిపై కోర్టులో రెండు వైపులా వాదించవచ్చు. క్రాక్ వేశాక మాత్రం ఆ వాదనకు చోటు చాలావరకు పోతుంది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే కాపీరైటు చట్టంలోకి 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఎ కింద 2 సంవత్సరాల వరకు జైలు, జరిమానా. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే సెక్షన్ 63బి కింద 7 రోజులకు తగ్గకుండా 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. లాభం కోసం గానీ వ్యాపారంలో భాగంగా గానీ వాడకపోతే, తగిన ప్రత్యేక కారణాలను తీర్పులో రాసి, కోర్టు జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. ఆ వెసులుబాటు మీ అబ్బాయికి దొరకవచ్చు. జీఎస్టీ బిల్లులు రాసిన మీవారికి దొరకదు.

కాపీరైటు ఉల్లంఘనను శిక్షించే సెక్షన్ 63 కింది నేరం కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్ అని సుప్రీంకోర్టు 2022 మేలో తేల్చింది. అంటే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిలు కోర్టు ఇవ్వాలి. నేర్చుకునే పిల్లవాడి కోసం పోలీసులు ఇంటి తలుపు తడతారని మిమ్మల్ని భయపెట్టను. అయితే అందరూ వాడుతున్నారన్నది ఏ కోర్టులోనూ జవాబు కాదు.

కేసు కన్నా నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ లెక్కల సంగతి. జీఎస్టీ చట్టం ప్రకారం ఖాతాలు, రికార్డులు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. అలాంటివాటిని 90 రోజుల సిస్టమ్‌లో పెట్టారు. ఎక్కడెక్కడివో తెలియని క్రాకుల వెంట వైరస్ వచ్చి ఫైళ్ళన్నిటికీ తాళం పడితే, అధికారి అడిగిన రోజున చూపించడానికి ఏమీ ఉండదు.

కంప్యూటర్ ఆగకుండా ఉండే ఆ గంటలో లెక్కల ఫైళ్ళన్నీ ఒక పెన్‌డ్రైవులోకి, ఇంకో ప్రతి బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కించండి. 90 రోజుల కాపీకి కీ (లైసెన్సు కోడు) కొని తగిలిస్తే పనిచేయదు, అసలు విండోస్‌ను మొదటినుంచి వేయాలి. ఆ కంప్యూటర్ కొన్నప్పుడు అసలు విండోస్‌తోనే వచ్చి ఉంటే, అదే రకాన్ని తిరిగి వేస్తే చాలాసార్లు కొత్తగా కొనాల్సిన పనే ఉండదు. కొనాల్సి వస్తే కొట్టు పేరున, జీఎస్టీ నంబరుతో బిల్లు తీసుకోండి. మీవారు కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాలపై నిర్ణీత శాతం పన్ను కట్టే పద్ధతి) లేకపోతే ఆ పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో దాన్ని తగ్గించుకోవచ్చు. డబ్బు పెట్టలేమనుకుంటే విండోస్ బదులు ఉబుంటు, లెక్కలు రాయడానికి లిబ్రె ఆఫీస్ ఉన్నాయి, వాటిని వ్యాపారానికి కూడా ఉచితంగానే వాడుకోవచ్చు.

అబ్బాయి రెండో కంప్యూటర్‌లో సర్వర్ చదువు నిశ్చింతగా సాగించవచ్చు. గడువు పొడిగించుకునే ఆదేశాన్ని కంపెనీయే అందులో పెట్టి ఉంటే, పెట్టినన్నిసార్లు వాడుకోవచ్చు. కంప్యూటర్‌లో తేదీ వెనక్కి తిప్పడం లాంటివి చేయకూడదు.

ఒకవేళ ఎప్పుడైనా కంపెనీ తరఫున నోటీసు వస్తే, దాన్ని పక్కన పడేయవద్దు, కంగారులో కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయవద్దు. సాక్ష్యం చెరిపేశారన్న ఆరోపణ అసలు తప్పుకన్నా పెద్దది కావచ్చు. ఫోనులో అడిగినవారికి డబ్బు కట్టకుండా, కవరుతో సహా ఆ నోటీసు పట్టుకుని, అందులో ఇచ్చిన గడువు దాటకముందే మీ ఊళ్ళోని న్యాయవాదిని కలవండి.