పాత పికప్ డీజిల్ ఎందుకు తాగుతోంది: అల్లునికి మామ లేఖ

చిరంజీవి అల్లునికి,

బండి డీజిల్ తాగేస్తోందని, కిరాయి డబ్బులన్నీ బంకులోనే పోతున్నాయని మొన్న ఫోన్‌లో చెప్పావు. ఇంజన్‌లోకి డీజిల్ కొట్టే పంపు, నాజిళ్లు విప్పించేస్తానని కూడా అన్నావు. ఒక్క నెల ఆగు. మైలేజీ తగ్గిందంటే అందరి చూపూ ముందు ఇంజన్ మీదికే పోతుంది. పాత పికప్‌లో మాత్రం డీజిల్ ఎక్కువగా పోయేది చక్రాల దగ్గర, మన కాలి కింద. పంపు పని ఖరీదైనది కాబట్టి దాన్ని చివరికి పెట్టుకో.

ముందు అసలు ఎంత ఇస్తుందో తేలాలి. ముల్లు చూసి, ఐదు వందలకు ఎంత దూరం వచ్చిందో చూసి చెప్పేది లెక్క కాదు. ఒకే బంకులో టాంకు నిండా కొట్టించి రీడింగు రాసుకో. నాలుగైదు కిరాయిలు తిరిగాక మళ్లీ అక్కడే నిండా కొట్టించు. 420 కిలోమీటర్లకు 38 లీటర్లు పడితే 11 వచ్చినట్టు. ఏ లోడుతో, ఏ రోడ్డు మీద తిరిగావో పక్కనే రాయి. ఇంకో మెలిక ఉంది. నీకు అమ్మినాయన వెనక టైర్లు పెద్ద సైజువి వేయించి ఉంటే మీటరు తక్కువ చూపిస్తుంది, బాగానే ఇస్తున్న బండి కూడా తాగుతున్నట్టే కనిపిస్తుంది. నార్కట్‌పల్లి నుంచి హైదరాబాద్ దిక్కు పోయేటప్పుడు కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ 20 కిలోమీటర్లకు మీటరు ఎంత తిరిగిందో సరిపోల్చు. పైసా ఖర్చు లేని పరీక్ష.

తర్వాత చక్రాలు. గాలి పొద్దున బండి తీయకముందే చూపించాలి. ఎండలో ముప్పై కిలోమీటర్లు తోలి పంచరు షాపు ముందు ఆపితే టైరు వేడికి ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, ఆ పిల్లవాడు సరిపోయిందని పంపిస్తాడు. తెల్లారి చూస్తే తక్కువే ఉంటుంది. ముందుకు ఎంత, లోడు ఉన్నప్పుడు వెనక్కు ఎంత అనేది తలుపు దగ్గరి స్టిక్కర్ మీదో బండి పుస్తకంలోనో ఉంటుంది, దాన్నే పట్టుకో. టైరు ఒక అంచునే అరుగుతుంటే అలైన్‌మెంట్ పోయినట్టు, అది కూడా డీజిల్‌తోనే కడుతున్నావు.

చాలామంది చూడనిది బ్రేకుల పట్టు. ఇరవై కిలోమీటర్లు మామూలుగా తోలి, గట్టిగా బ్రేకు కొట్టకుండా మెల్లగా ఆపి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడు. తాకకు, కాలుతుంది. ముందు రెండూ ఒకలా, వెనక రెండూ ఒకలా ఉండాలి. ఏదో ఒకటి మిగతా వాటికంటే సలసలా కాగుతుంటే బ్రేకు లైనర్ చక్రాన్ని వదలడం లేదు, లేదా బేరింగు పోయింది. హ్యాండ్‌బ్రేక్ కేబులు తుప్పు పట్టి వెనక్కు రాకపోవడం పాత బండ్లలో మరీ మామూలు. జాకీ ఎత్తి చేత్తో చక్రం తిప్పితే తెలిసిపోతుంది. బ్రేకు పట్టి ఉన్న బండికి ఎంత మంచి పంపు పెట్టినా దండగే.

ఇక ఇంజన్. వేడి ముల్లు చూడు. హైవే మీద గంట తోలినా ముల్లు మధ్యకు రాకపోతే, ఇంజన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కు నీళ్లు పోకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వు ఎవరో పీకేసి ఉండొచ్చు, లేదా అది తెరుచుకునే ఉండిపోయి ఉండొచ్చు. మన ఎండలకు బండి కాగుతుందని కొందరు మెకానిక్‌లు దాన్ని తీసి పారేస్తారు. కాగడానికి అసలు కారణం రేడియేటర్ పూడుకుపోవడమో, ఫ్యాను బెల్టు వదులవ్వడమో అయి ఉంటుంది. అది చూడకుండా వాల్వు తీసేస్తే ఇంజన్ తగినంత వేడెక్కదు, డీజిల్ సరిగ్గా కాలదు. కొత్తది పెద్ద ఖరీదు కాదు. రేడియేటర్ కడిగించి అది వేయించు.

పొగ కూడా చూడు. నల్లగా వస్తే గాలి చాలట్లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడు. మట్టి బాటల్లో తోటల దాకా పోయే బండి కాబట్టి పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కంటే ముందే మార్చాలి. టర్బో పైపులు ఎక్కడైనా చీలాయేమో, క్లిప్పులు వదులయ్యాయేమో తడిమి చూడు. ఇవన్నీ బాగున్నా నల్ల పొగ పోకపోతే అప్పుడు పంపును అనుమానించు. నీది పాత మెకానికల్ పంపు. లాగుడు కోసం ఎవరో స్క్రూ తిప్పి డీజిల్ పెంచి ఉండొచ్చు. చెవితో విని సెట్టింగ్ చేస్తానన్నవాడికి ఇవ్వకు, టెస్ట్ బెంచ్ మీద పెట్టి కొలిచే షాపులోనే చేయించు. నీలి పొగ అయితే ఆయిల్ కాలుతున్నట్టు, ఆ లెక్క వేరే.

మైలేజీ పెంచుతామని అమ్మే సీసాలు, మ్యాగ్నెట్లు కొనకు. డీజిల్‌లో కిరోసిన్ కలపమని చెప్పేవాళ్లు కూడా ఉంటారు. పంపుకు చమురుదనం ఇచ్చేది డీజిలే, కిరోసిన్‌తో అది అరిగిపోతుంది.

ఇప్పుడు నీ కాలి సంగతి. కోపం తెచ్చుకోకు. బత్తాయి లోడుతో బాటసింగారం మార్కెట్‌కు పోయేటప్పుడు నువ్వు ఎనభైకి తగ్గవని తెలుసు. అరవైకీ ఎనభైకీ మధ్య గాలి అడ్డు దాదాపు ఒకటి ముప్పావు రెట్లు అవుతుంది. తాటిపత్రి వదులుగా కట్టి పటపటా కొట్టుకుంటుంటే ఇంకా ఎక్కువ. అరవై కిలోమీటర్ల దారిలో మిగిలేది పావుగంట. ఆ పావుగంట మార్కెట్ గేటు దగ్గర లైన్లో నిలబడడానికే పోతుంది కదా.

మిర్యాలగూడ మిల్లుల ముందు వడ్ల సీజన్‌లో బండ్లు బారులు తీరినప్పుడు ఇంజన్ ఆపెయ్. సెల్ఫ్ కొట్టదేమోనన్న భయంతో చాలామంది ఆపరు. అలాంటి భయం ఉంటే బ్యాటరీ మార్చు, గంటల తరబడి ఊరికే తాగించడం కంటే అదే నయం.

పల్లంలో న్యూట్రల్ వేసే అలవాటు మాత్రం ఈ రోజే మానెయ్. గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్‌కు డీజిల్ దాదాపు పోదు, న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగకుండా ఉండడానికి పోతూనే ఉంటుంది. అంటే ఆదా కూడా లేదు. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యాము వైపు దిగేటప్పుడు లోడు బండిని ఇంజనే పట్టి ఉంచాలి, లేకపోతే బ్రేకులు కాగి పట్టవు. ఇంజన్ ఆపి దిగడం అయితే ప్రాణాల మీదికే, బ్రేకు బూస్టర్ పనిచేయదు, తాళం తీస్తే స్టీరింగ్ లాక్ అవుతుంది.

వచ్చేటప్పుడు ఖాళీగా రాకు. హయత్‌నగర్, చౌటుప్పల్ దగ్గర నల్లగొండకు చేర్చాల్సిన సామాను ఎవరికైనా ఉందేమో రెండు ఫోన్లు చెయ్. లీటరుకు ఒక కిలోమీటరు పెంచుకోవడానికి నువ్వు పడే తిప్పలన్నిటికంటే రిటర్న్ లోడు ఒక్కటే ఎక్కువ మిగులుస్తుంది. అలాగని ఓవర్‌లోడ్ చేయకు, కమాన్ పట్టీలు, అంటే బండి కింద లోడు మోసే స్ప్రింగులు, విరిగితే మిగిలిందంతా అక్కడే పోతుంది.

లోడుతో పన్నెండు దాటితే ఆ బండికి మంచి మైలేజీయే, నాకైతే అంతకు మించి ఆశ లేదు. గాలి, బ్రేకులు, ఫిల్టర్, వాల్వు చూపించాక ఇంకో రెండు ఫుల్ టాంకులు లెక్క రాసి, ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు. పంపు విప్పించాలా వద్దా అన్నది అది చూశాక చెప్తాను.

మీ మామ