తీగ సాగితేనే ఊపు తగ్గేది: నిటినాల్ మీద మూడు ప్రశ్నలు

ప్రశ్న: జీడిపిక్కల ఫ్యాక్టరీలో ఇనుప గడ్డర్ల మీద వేసిన అంతస్తులో జల్లెడ మిషను పెట్టాం. నడిచినంతసేపూ ఫ్లోరు అదురుతోంది. నిటినాల్ తీగలు ఏటవాలుగా బిగిస్తే తగ్గుతుందంటున్నారు. నిజమేనా?
– పాఠకుడు, పలాస

జవాబు: మీ పనికి అది దండగ. నికెల్, టైటానియం దాదాపు సగంసగం పరమాణువులుగా కలిసిన ఈ షేప్ మెమరీ (పాత ఆకారానికి తిరిగొచ్చే) లోహం అదురును మింగేది లోపలి పరమాణువుల అమరిక మారినప్పుడే. అందుకు తీగ తన పొడవులో సుమారు ఒక శాతం సాగాలి. మీ ఫ్లోరు కదిలేది అర మిల్లీమీటరు అనుకున్నా, మూడు మీటర్ల తీగకు అది 0.02 శాతం కూడా కాదు. అంత చిన్న సాగుడులో నిటినాల్ మామూలు స్ప్రింగే.

ముందు మిషను స్పీడు చూడండి. నిమిషానికి 900 చుట్లయితే సెకనుకు 15 ఊపులు. మిషను ఆపి, ఫ్లోరు మధ్యలో మడమతో గట్టిగా మోది, ఫోనులో కంపనాలు కొలిచే యాప్ చూస్తే ఫ్లోరు సొంత ఊపు, అంటే అది దానంతటది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో తెలుస్తుంది. అదీ 15 దగ్గరే ఉంటే గడ్డరు కింద ఒక పోస్టు నిలబెట్టండి. కాళ్ల కింద టైరు ముక్కలు పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. ఆ స్పీడుకు మిషను బరువు పడగానే కాళ్ల కింది ఆధారం సుమారు 10 మి.మీ. దిగాలి, అప్పుడే మిషను సొంత ఊపు సెకనుకు 5కి వస్తుంది. టైరు ముక్క అంత దిగదు, స్ప్రింగులే కావాలి.

ప్రశ్న: ఫైనలియర్ ప్రాజెక్టుకి, ఊపు తగ్గించడానికి 400 మి.మీ. వెడల్పు, 300 మి.మీ. ఎత్తు ఫ్రేములో 0.5 మి.మీ. నిటినాల్ తీగలు ఐమూలగా కట్టాం. ఒక తీగ మొదటి ఊపుకే వదులైపోయింది, ఇంకోటి ముడి దగ్గర తెగింది.
– విద్యార్థి, విజయనగరం

జవాబు: వదులైంది బహుశా యాక్చుయేటర్ తీగ, వేడి చేస్తే ముడుచుకునే రకం. చేత్తో వంచి వదలండి. టక్కున నిటారైతే అది సూపర్ ఎలాస్టిక్, మీకు కావలసింది అదే. వంగినట్టే ఉండి మరిగే నీళ్లలో నిటారైతే వాపసు ఇచ్చెయ్యండి. కొనేటప్పుడు ‘సూపర్ ఎలాస్టిక్, ఏఎఫ్ 10 డిగ్రీల లోపు’ అని రాసి అడగండి. ఏఎఫ్ అంటే తీగ పూర్తిగా ఆ స్ప్రింగు గుణానికి వచ్చే ఉష్ణోగ్రత.

ముడి వెయ్యకూడదు. మామూలు టంకం అంటదు, స్టీలుకి వెల్డింగ్ చేస్తే అతుకు పెళుసవుతుంది. 25 మి.మీ. గుండ్రటి కడ్డీకి మూడు చుట్లు చుట్టి, కొసను రెండు ప్లేట్ల మధ్య రాగిరేకు వేసి బిగించండి. ఈ తీగ సుమారు 9 కిలోల లాగుడు దగ్గర సాగడం మొదలెడుతుంది. ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే మూడు చుట్లు దాటేసరికి కొసకు చేరేది పావుకిలోకు మించదు. కడ్డీని తీగ వదిలే చోట మార్కరుతో గీత పెట్టండి. గీత జరిగితే తీగ జారుతున్నట్టే. ఆ రాపిడినే నిటినాల్ డ్యాంపింగ్ (ఊపును మింగడం) అనుకుని గ్రాఫులు గీసేస్తుంటారు, జాగ్రత్త.

బిగించే ముందు తీగను ‘ట్రైన్’ చెయ్యాలి. ఐమూల పొడవు 500 మి.మీ. కాబట్టి 6 శాతం అంటే 30 మి.మీ. అంతదాకా నెమ్మదిగా లాగి వదలడం 20 సార్లు. మొదట్లో ప్రతిసారీ కొంచెం పొడవు మిగిలిపోతుంది, లాగి వదిలినప్పుడు లాగుడు-సాగుడు గ్రాఫులో ఏర్పడే లూపు కిందికి జారుతుంది. వరుసగా రెండు లూపులు ఒకదానిపై ఒకటి కూర్చున్నాక ఆపండి.

తర్వాత రెండు తీగలనూ టర్న్‌బకిల్‌తో (తిప్పి బిగించే మరతో) 15 మి.మీ., అంటే 3 శాతం, ముందే సాగదీసి కట్టండి. ఫ్రేము 10 మి.మీ. పక్కకు ఒరిగితే ఐమూల 8 మి.మీ. మారుతుంది. ఒక తీగ 4.6 శాతానికి పోతే రెండోది 1.4కి దిగుతుంది, ఏదీ వదులవ్వదు. ముందు సాగదీయకపోతే తొలి 6 మి.మీ. ఒరుగుడంతా వృథా.

ప్రశ్న: ఇవి నిజం కట్టడాల్లో వాడారా? మన ఎండలకు ఆగుతాయా?
– పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ఇటలీలోని అసిసిలో 1997 భూకంపానికి దెబ్బతిన్న బసిలికా (పెద్ద చర్చి) మరమ్మతులో వాడారు. మనకు 2018 తిత్లీ లాంటి గాలివానలే అసలు భయం. గంటల తరబడి వేల ఊపులు తింటే తీగ లూపు సన్నబడుతుంది, అంటే ఊపును మింగడం తగ్గుతుంది, గాలికి వేరే డ్యాంపర్లు మేలు. ఎండ సంగతికొస్తే, డిగ్రీకి సుమారు 6.5 మెగాపాస్కల్స్ (ఒక మెగాపాస్కల్ అంటే చదరపు మి.మీ.కు సుమారు 0.1 కిలో లాగుడు) చొప్పున తీగ బిగుతు పెరుగుతుంది. వేకువ 16, మే మధ్యాహ్నం 41 అనుకుంటే తేడా 160 పైమాటే. 450 దగ్గర సాగే తీగకు అది మూడో వంతు దాటింది, అతుకులూ బోల్టులూ ఆ ఎండపూట లెక్కకే వేసుకోవాలి.