ఏ మోటారు కాలుతోంది? ముందు అది చెప్పు

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కళింగపట్నం తీరంలో నీ డ్రోను నాలుగు నిమిషాలు ఎగిరి దిగాక మోటారు ముట్టుకుంటే వేలు చురుక్కుమందని రాశావు. నాలుగు కొత్త మోటార్లకు ఆర్డరు పెట్టబోతున్నానని కూడా రాశావు. ఆ ఆర్డరు ఆపు. రెండు పేజీల ఉత్తరంలో అన్నీ చెప్పావు గానీ నాకు కావలసిన ఒక్క మాట చెప్పలేదు. కాలుతున్నది నాలుగు మోటార్లా, రెండా, ఒకటా? రెండయితే ఏ రెండు?

మన కొట్టుకు కాలిపోయిన బోరు మోటారు వచ్చినప్పుడు నేను తీగ కొలవడానికి ముందు మూత విప్పి కాయిళ్లు ఏ తీరున మాడాయో చూస్తాను. అన్నీ సమానంగా నల్లబడి ఉంటే మోటారు మోయలేని బరువు మోసింది. కొన్ని మాడి, పక్కవి ఎర్రగా కొత్తవాటిలా మెరుస్తుంటే ఒక ఫేజు పోయాక కూడా అది తిరుగుతూనే ఉంది. ఒక్కచోట మాత్రమే కరిగితే అక్కడ తీగకు దెబ్బ తగిలింది. ఇది చూడకుండా కొత్త తీగ చుట్టి పంపితే ఆ రైతు నెల తిరక్కుండా అదే మోటారును ట్రాక్టరులో వేసుకుని మళ్లీ వస్తాడు. నీ డ్రోను మోటారుదీ అదే జాతి. పన్నెండు పళ్ల స్టేటరు, అంటే తీగ చుట్టి ఉండే కదలని భాగం, దాని చుట్టూ తిరిగే గిన్నెలో పద్నాలుగు అయస్కాంతాలు, బయటికి మూడు తీగలు. బ్యాటరీ ఇచ్చే డీసీని ఈఎస్‌సీ, అంటే మోటారు వేగాన్ని అదుపు చేసే బోర్డు, మూడు ఫేజులుగా చేసి పంపుతుంది. కాబట్టి దాన్నీ అలాగే అడగాలి.

నడుము ఎత్తున ఒక నిమిషం నిలకడగా ఎగరనిచ్చి దించు. బ్యాటరీ ఊడదీసి, వెంటనే నాలుగింటినీ వరసగా తాకు. ఆలస్యం చేయకు. ప్రొపెల్లరు గాలి ఆగగానే లోపలి కాయిల్ వేడి గిన్నెకు ఎక్కుతుంది, అప్పుడు చల్లగా ఉన్న మోటారు కూడా వేడిగానే తోస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు దొరికితే మంచిదే, కానీ నుదుటి జ్వరం చూసే రకం పనికిరాదు. మెరిసే లోహం మీద ఏ రకమైనా తక్కువే చూపిస్తుంది, అందుకని గిన్నె మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద చూడు. అయిదు సెకన్లు వేలు ఆనించి ఉంచగలిగితే భయం లేదు. ఉంచలేకపోతే బయటే 60 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నట్టు, లోపలి తీగ అంతకంటే వేడిగా ఉంటుంది.

నాలుగూ సమానంగా కాలుతుంటే తప్పు మోటార్లలో లేదు, వాటికి నువ్వు అప్పగించిన పనిలో ఉంది. నీవి 2212, 1000 కేవీ మోటార్లు. స్టేటరు వ్యాసం 22 మిల్లీమీటర్లు, ఎత్తు 12. 1000 కేవీ అంటే, ప్రొపెల్లరు లేకుండా ఒక్కో వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు తిరుగుతాయని. మూడు సెల్లుల బ్యాటరీతో 10 అంగుళాల ప్రొపెల్లరును ఇవి తిప్పగలవు. కెమెరా పెట్టాక లేవడం లేదని నువ్వు నాలుగు సెల్లుల బ్యాటరీకి మారావు, ప్రొపెల్లరు మాత్రం అదే ఉంచావు. 11.1 వోల్టులు 14.8 అయ్యాయి, అంటే మూడో వంతు పెరుగుదల. గాలిలో నిలబడి ఉన్నంతసేపు పెద్ద తేడా కనిపించదు, మోయవలసిన బరువు దాదాపు అంతే కాబట్టి. థ్రాటిల్ పైకి నెట్టినప్పుడు బయటపడుతుంది. ప్రొపెల్లరును తిప్పే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, ఆ బలంతో పాటు తీగలో కరెంటు పెరుగుతుంది, తీగలో పుట్టే వేడి ఆ కరెంటు వర్గంతో పెరుగుతుంది. కాగితం మీద వేసి చూడు. కరెంటు ఇంచుమించు 1.8 రెట్లు, వేడి మూడు రెట్లకు పైనే. నాలుగు సెల్లులే కావాలంటే 8 అంగుళాల ప్రొపెల్లరుకు దిగు. లేదంటే మూడు సెల్లులకు తిరిగి వెళ్లి, ఫ్రేము మీద అక్కరలేని బరువు తీసెయ్యి. నేనైతే రెండోదే చేస్తాను.

ప్రొపెల్లరు సరిపోయినా నాలుగూ కాలుతుంటే, డ్రోనును నిలకడగా ఉంచే కంట్రోలరు బోర్డు సెట్టింగులు చూడాలి. దానిలో నడిచే బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేరులో మొదట ఉండే విలువలు 5 అంగుళాల చిన్న డ్రోనుకు తగినవి, నీ పెద్ద ఫ్రేముకు కావు. పీఐడీలో, అంటే డ్రోను ఒరిగితే ఎంత దిద్దాలో తేల్చే లెక్కలో, డి విలువ (కదలిక ఎంత వేగంగా మారుతోందో చూసి స్పందించే భాగం) ఎక్కువగా ఉన్నా, అదురును వడకట్టే ఫిల్టర్లు తగ్గించినా, కదలికను పసిగట్టే జైరోకు తగిలే ప్రతి చిన్న అదురును కంట్రోలరు సరిదిద్దబోతుంది. మోటారుకు క్షణానికోసారి పెంచు, తగ్గించు అని ఆజ్ఞలు వెళతాయి. డ్రోను బయటికి కదలకుండా ఉన్నట్టే ఉంటుంది, కరెంటు మాత్రం వేడిగా మారిపోతుంది. గరగరమనే మోత వింటే అనుమానించు. డి కొద్దిగా తగ్గించు, పదిహేను సెకన్లు ఎగరనివ్వు, దించి తాకి చూడు. ఒక్కసారికి ఒక్కటే మార్చు. కానీ అదురు ఎక్కడ పుడుతోందో చూడకుండా ఫిల్టర్లు పెంచుకుంటూ పోవద్దు. అంచు చిట్లిన ప్రొపెల్లరు, వంగిన షాఫ్టు, వదులైన ఫ్రేము స్క్రూ, ముందు ఇవి చూడు.

రెండే కాలుతున్నాయా? ముందున్న రెండయితే కారణం కెమెరా. బరువంతా ముక్కు మీద పడింది, బ్యాటరీని వెనక్కి జరుపు. నాలుగు మోటార్ల సరిగ్గా మధ్యలో రెండు వేళ్ల మీద ఎత్తితే డ్రోను ఎటూ వాలకూడదు. ఒక మూల నుంచి ఎదురు మూలకు, అంటే ఐమూలగా ఉన్న జత కాలుతుంటే అది వేరే కథ. ఆ రెండూ ఒకే దిశలో తిరిగేవి. ఏదో ఒక మోటారు నిలువుగా లేక పక్కకు ఒరిగినా, దాన్ని మోసే ఫ్రేము చేయి మెలి తిరిగినా డ్రోను తన చుట్టూ తాను తిరగబోతుంది. దాన్ని ఆపడానికి కంట్రోలరు ఆ జతను అదనంగా పరిగెత్తిస్తుంది. కింద పడ్డాక ఇది తరచూ వస్తుంది. ప్రొపెల్లర్లను చేత్తో తిప్పి ఒక వరసలో నిలిపి, పక్క నుంచి కంటి ఎత్తున చూస్తే ఒరిగినది దొరికిపోతుంది.

ఒక్కటే కాలుతుంటే అప్పుడు మోటారునే పట్టుకో. ముందు కింది స్క్రూలు చూడు. నా మొదటి డ్రోనులో ఒక మోటారును ఇలాగే పోగొట్టుకున్నాను. ఉండవలసిన దానికంటే రెండు మిల్లీమీటర్లు పొడవైన స్క్రూ కొన లోపలికి వెళ్లి తీగ మీది ఎనామిల్ పూతను గీకేసింది, మూడో రోజుకు పొగ వచ్చింది. ఆ పొగ వాసన ఇప్పటికీ గుర్తుంది. మూడు తీగలనూ ఈఎస్‌సీ నుంచి విడదీసి, మల్టీమీటరు ఒక కొనను తీగకు, ఇంకొక కొనను స్టేటరు లోహానికి ఆనించు. బీప్ వినిపించకూడదు. తర్వాత, తీగలు ఒకదానికొకటి తగలకుండా ఉంచి గిన్నెను వేలితో తిప్పు. అయస్కాంతాల వల్ల టక్కుటక్కున ఆగుతూ కదలడం సహజం. అది కాకుండా, వేగంగా తిప్పేకొద్దీ ఎవరో పట్టి లాగుతున్నట్టు బరువుగా ఉంటే లోపల చుట్లు షార్టయ్యాయి. మంచి మోటారును పక్కన పెట్టుకుని తిప్పితే తేడా తెలుస్తుంది. ఇసుక రాచుకున్న చప్పుడు వస్తే బేరింగు. అదీ కాదంటే ఆ మోటారును ఇంకొక చేతికి మార్చి బిగించు. వేడి మోటారుతో పాటు వెళితే మోటారుది, పాత చోటే మిగిలితే ఆ చేతిదో, ఈఎస్‌సీదో.

నీ విషయంలో నాకు మొదటి నుంచీ అనుమానం ఆ తీరం మీదే. కళింగపట్నం ఇసుకలో నల్ల రేణువులు ఉంటాయి, ఇల్మనైట్ వంటి బరువు ఖనిజాలు. అయస్కాంతం పెట్టి చూడు, వాటిలో ఎన్నో వచ్చి అతుక్కుంటాయి. నువ్వు ఇసుక మీద నుంచే లేపుతున్నావు, ఇసుక మీదే దించుతున్నావు. ప్రొపెల్లరు గాలికి లేచిన ఆ రేణువులు మోటారులోకి పోయి అయస్కాంతాలకు పట్టుకుంటాయి. గిన్నెకూ స్టేటరుకూ మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఊదితే అవి రావు. గిన్నె విప్పి, జిగురు టేపును అయస్కాంతాల మీద ఒత్తి లాగితే వస్తాయి. ఇకనుంచి ఒక పట్టా పరిచి దాని మీద నుంచి లేపు. ఉప్పుగాలికి బేరింగు తుప్పు పడుతుంది, నెలకోసారి ఒక్క చుక్క కుట్టు మిషను నూనె చాలు.

కారణం తేలేదాకా, పైన చెప్పిన చిన్న పరీక్షలకు తప్ప ఎగరెయ్యకు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. సాధారణ రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది, చల్లారాక కూడా అది పూర్తిగా తిరిగి రాదు. బలం తగ్గిన మోటారు అంతే బరువు ఎత్తడానికి ఎక్కువ కరెంటు తాగుతుంది, ఇంకా కాలుతుంది. వేడెక్కిన రాగి తీగ కరెంటును మరింత అడ్డుకుంటుంది. ఇలా రెండు వైపులా తినేస్తుంది. తీగ నేను చుట్టి ఇవ్వగలను, పోయిన అయస్కాంతాన్ని నేను బాగుచేయలేను. బల్ల మీద పరీక్షలకు ప్రొపెల్లర్లు తప్పకుండా ఊడదియ్యి. వేళ్లు తెగిన కుర్రవాడిని నేను చూశాను.

వచ్చే ఆదివారం ఆమదాలవలసలో రైలెక్కి రా. కొట్టు మూసి ఉంటుంది, నేరుగా ఇంటికి రా. మోటార్లను విప్పకుండా ఫ్రేముతోనే తెచ్చుకో, పాత ప్రొపెల్లర్లు కూడా వేసుకో. బ్యాటరీని నిండుగా ఉంచి ప్రయాణం చేయకు, సెల్లుకు 3.8 వోల్టుల దగ్గరకు దించి తీసుకురా. ఈలోగా ఆ ఒక్క నిమిషం పరీక్ష చేసి, ఏది కాలిందో ఫోనులో చెప్పు. స్క్రూలదే తప్పయితే సరైన పొడవువి ఇక్కడ కొని ఉంచుతాను.

అక్కకూ బావకూ నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య